పెరటి కోడి – పొదుగు – పిల్లల పెంపకము

పెరడు వున్న యింటికి నాలుగు కోళ్లు భారము కావు. చేటలో చెరిగిన నూకలు, కళ్లములో రాలిన జొన్నలు, పెంటకుప్పలోని పురుగులు, గోడవార మొలిచిన గరిక – వాటికి కావలసిన మేత చాలవరకు యివే. “కోడికి గజ్జెలు కట్టితే కుప్ప కుళ్లగించకుండునా” అన్న సామెత ఎత్తిపొడుపుగా పుట్టినదే గాని, ఆ కుళ్లగించుటలోనే పెరటికోడి లాభమంతా వున్నది. మనము డబ్బు పెట్టి కొనని మేతను అది తానే వెదకి తిని, దానిని గుడ్డుగాను, సంతనాటికి ఇల్లాలి చేతిలో నాలుగు రూపాయలుగాను మార్చి యిస్తున్నది.

పెరటి కోళ్ల ప్రస్తావన వచ్చినప్పుడెల్లా అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది? మేము మాత్రము ముందుగా వేరొక లెక్క అడుగుదుము. పొదగవేసిన గుడ్లలో ఎన్ని పిల్లలైనవి? ఆ పిల్లలలో రెండు నెలలు దాటినవి ఎన్ని? పెరటి కోళ్ల లాభనష్టములు తేలేది యిక్కడనే. ఈ లెక్క సరిచూచుకొనని యింట ఎంత మంచి జాతి కోడిని తెచ్చినను మూడేండ్లకు గంప ఖాళీ అవుతుంది.

రూపనగుడి బళ్లారి తాలూకా పల్లె. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమునకు పోయినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అని పేరు మార్చుకొన్నది. గీత ఎక్కడ పడినను యిరువైపుల పెరళ్లలో తిరిగేది ఒకే నాటుకోడి. మన పాలు వారి హాలు, మన పులి వారి హులి అయినట్లే, మన పుంజు కన్నడములో హుంజ అయినది. ఎండ కూడ ఉభయులకు సమానమే. వేసవిలో నలుబది డిగ్రీలు దాటే యీ సీమలో గుడ్లు పొదిగించుటకు కొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలు అవసరము. వాటిని ముందు చెప్పబోవుచున్నాము.

పొదుగు అంటే ఏమి?

మన పెరటికోళ్లకు మూలపురుషుడు ఎర్ర అడవికోడి. పడమటి కనుమలలో తిరిగే బూడిదరంగు అడవికోడి రక్తము కూడ కొంత కలిసినదని, కోడి చర్మమునకు పసుపు రంగునిచ్చు లక్షణము దాని నుండియే వచ్చినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చినారు. అడవికోడి కొన్ని గుడ్లు పెట్టి, పెట్టుట ఆపి, వాటిపై కూర్చుండును. నాటుకోడిలో ఆ అడవి గుణము యింకను చెడలేదు. పది పన్నెండు గుడ్లు పెట్టగానే కోడి మెదడు కింది గ్రంథి నుండి ప్రొలాక్టిన్ అను రసము ఎక్కువగా ఊరును. దానితో గుడ్లు పెట్టుట ఆగిపోవును, రొమ్ము కింది ఈకలు రాలి చర్మము వేడెక్కును, కోడి గూడు విడువదు. చేయి చాపితే ఈకలు నిక్కబొడుచుకొని పొడుచును, గొంతులో గుడగుడమని అడుగడుగునకు శబ్దము చేయును. యివే పొదుగుకు వచ్చిన గుర్తులు.

కోడిగుడ్డు వ్యాపారమైన చోట యీ గుణమును దోషముగా ఎంచినారు. పొదుగుకు కూర్చున్నన్నాళ్లు గుడ్డు లేదు గనుక, పొదుగు రాని కోళ్లనే ఏరి ఏరి తరతరములుగా పెంచినారు. ఏడాదికి మూడువందల వరకు గుడ్లుపెట్టే తెల్ల లెగ్‌హారన్ అట్లు తయారైనదే. దాని పిల్లలను యంత్రము పొదుగును. యంత్రపు పొదుగు క్రొత్త విద్య యేమీ కాదు. ఈజిప్టులో మట్టికొలుములు కట్టి, సన్నని సెగతో వేలకొలది గుడ్లు పొదిగించుట ప్రాచీనకాలము నుండియు వున్నది. ఆ పనివారికి ఉష్ణమాపకము లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి సరిచూచేవారు.

పెరటి కోసమని తయారుచేసిన మేలుజాతులలోను యీ చిక్కే వున్నది. హైదరాబాదు రాజేంద్రనగరులోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థవారి వనరాజ, గ్రామప్రియ, బెంగుళూరు హెబ్బాళలో తయారైన గిరిరాజ – యివి మంచి కోళ్లు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే వనరాజ పెరటిలోనే నూరు దాటును. గ్రామప్రియ అంతకన్న ఎక్కువ. కాని యివి పొదుగుకు కూర్చుండవు. కనుక కొనితెచ్చిన పిల్లలు పెరిగి, గుడ్లు పెట్టి, ముసలివైన తరువాత మరల పిల్లలకు పట్టణమునకే పోవలెను. ఈ కారణముచేత మేము చెప్పునది ఒక్కటే: మేలుజాతి కోళ్లు ఎన్ని వున్నను, పెరటిలో ఒకటి రెండు నాటుపెట్టలను తప్పక నిలుపుకొనవలెను. పుంజుకు పందెమున్నది, బిరుదున్నది, పలనాటి కథలో చోటున్నది. పెట్టకు వున్నది గంప ఒక్కటే. కాని వంశము నిలిపేది ఆ గంప.

గుడ్ల ఎంపిక

బజారులో కొన్న ఫారము గుడ్డు పొదగదు. అక్కడ పుంజు లేదు గనుక ఆ గుడ్డులో జీవము లేదు. పెరటిలో ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పలుచనివి, బీటవారినవి విడువవలెను. మట్టి అంటిన గుడ్డును కడుగరాదు. పెంకుపై కంటికి కనుపించని పొర యొకటి వుండి సూక్ష్మక్రిములను అడ్డుకొనును. కడిగితే అది పోవును.

గుడ్డు వయస్సు ముఖ్యము. కోడి పన్నెండు గుడ్లు పెట్టుటకు యించుమించు మూడు వారములు పట్టును. అది కూర్చుండునాటికి మొదటి గుడ్డుకు యిరువది దినములు నిండును. అన్నిటిని కలిపి పొదగవేసి, సగము మురిగిపోయినవని కోడిని నిందించుట న్యాయము కాదు. మొదటి గుడ్లు యింటిలో వాడుకొని, చివరివి పొదుగుకు వుంచవలెను. గూటిలో మాత్రము బొగ్గుగీత గీసిన గుడ్డు నొకదానిని వదలవలెను. అది వున్నంతవరకు కోడి గూడు మార్చదు.

మా సీమకు ముఖ్యమైన సంగతి యిది. గుడ్డులోని జీవము సుమారు 21 డిగ్రీల వేడి దాటినదంటే కదలిక మొదలుపెట్టును. పిల్లగా పెరుగుటకు ఆ వేడి చాలదు, నిద్రలో వుండుటకు ఎక్కువ. అటు యిటు కాని వేడిలో నాలుగు దినములున్న జీవము బలహీనమై, పొదుగులో చచ్చిపోవును. బళ్లారి ఎండలలో యింటి లోపలనే ముప్పదియైదు డిగ్రీలుండును గదా! అందుచేత వేసవిలో గుడ్లను రెండు పూటల ఏరి, తడి యిసుకలో దింపిన మట్టికుండలో గుడ్డ పరచి, సన్నకొన క్రిందికి వుండునట్లు నిలుపవలెను. మూడు నాలుగు దినములకు మించి దాచరాదు. చలికాలములో వారము దాకా వుంచవచ్చును. అసలు చైత్ర వైశాఖములలో పొదగవేయుట మానుటే మేలు. కార్తికము మొదలు మాఘము వరకు మంచి కాలము. అప్పుడు కోతలు సాగుచుండును గనుక పిల్లలకు రాలిన గింజ కూడ దొరకును.

ఇరువదియొక్క దినములు

వెదురుగంపలో అడుగున రెండంగుళముల మట్టి లేక యిసుక, దానిపై మెత్తని గడ్డి పరచి మధ్య కొంచెము గుంట చేయవలెను. గడ్డిలో గుప్పెడు బూడిద, నాలుగు వేపాకులు కలుపవలెను. పేలు పట్టిన కోడి గుడ్లపై నిలువదు. లేచి గీరుకొనుచు గుడ్లు చల్లార్చును. గంపను గాలి తగిలే చీకటి మూలలో, కుక్క పిల్లి చేరని చోట వుంచవలెను. కోడిని రాత్రివేళ కూర్చుండబెట్టితే బెదరదు. నాటుపెట్టకు పది పన్నెండు నాటు గుడ్లు, లేక ఎనిమిది తొమ్మిది వనరాజ గుడ్లు సరి. రెక్క కింద పట్టని గుడ్డు వంతులవారీగా బయటపడి, ఒకటి కాదు నాలుగు చెడును.

కొందరు గంపలో యినుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేస్తారు. ఉరుముకు గుడ్లు చెడకుండునని వారి నమ్మకము. ఉరుము గుడ్డులోని జీవమును చంపునని శాస్త్రము చెప్పదు. కాని ఉరుముకు కోడి బెదరి లేచిపోయి, గుడ్లు గంటలకొద్ది చల్లారిపోతే నష్టమే. యినుపముక్క వేసినను వేయకున్నను, గంపను సద్దులేని చోట వుంచుట మరువరాదు.

కోడి రోజుకొకసారి లేచి, పావుగంట యిరువది నిమిషములు తిని, నీరు త్రాగి, దుమ్ములో పొర్లి మరల వచ్చును. ఆ కొద్దిసేపటి చల్లదనము గుడ్లకు హాని చేయదు. మేతయు నీరును గంప దగ్గరనే వుంచవలెను. లేవకుండ కూర్చుని చిక్కిపోయే కోడిని మనమే ఎత్తి దింపవలెను. గుడ్లను త్రిప్పే పని తనకు తెలుసు. రోజులో అనేకసార్లు ముక్కుతో దొర్లించును. త్రిప్పకున్నచో లోపలి జీవము పెంకుకు అంటుకొని చచ్చును. యంత్రములో వేలకొలది రూపాయల సరంజామాతో చేయు పని యిదియే – సుమారు ముప్పదియేడున్నర డిగ్రీల వేడి, తగినంత తేమ, త్రిప్పుట. యంత్రమునకు కరెంటు పోవును, కోడికి పోదు.

ఏడవ రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చిలైటు పట్టి చూడవలెను. సాలెపురుగు కాళ్లవలె ఎర్రని నరములు కనుపిస్తే జీవమున్నది. తేటగా వున్నది తీసివేయవలెను. దానిని వదిలితే మురిగి, పగిలి, తక్కినవాటిని చెరుచును. రెండు కోళ్లను ఒకేనాడు పొదగవేసినచో వుపయోగము యిక్కడ తెలియును. ఏడవ దినమున వట్టి గుడ్లు తీసివేసి, అవసరమైతే మిగిలినవి ఒక కోడి కిందనే చేర్చి, రెండవదానికి క్రొత్త గుడ్లు పెట్టవచ్చును.

పందొమ్మిదవ దినమునకు గుడ్డులోనుండి సన్నని కీచుమను శబ్దము వినిపించును. తల్లి గొంతు తగ్గించి బదులు పలుకును. పిల్ల పుట్టకముందే తల్లి గొంతు ఎరుగును. ముక్కు కొనమీది చిన్న మొనతో పెంకు చీల్చుకొని అది బయటికి వచ్చుటకు చాల గంటలు పట్టును. జాలిపడి పెంకు ఒలువరాదు. లోపలి నరములలో నెత్తురు యింకిపోకముందే ఒలిచితే పిల్ల చచ్చును. పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన శేషమున్నది. రెండు దినములు మేత లేకున్నను బ్రతుకును. కనుక చివరి గుడ్డు చిట్లువరకు కోడిని కదిలింపరాదు.

మేలుజాతి పిల్లలను కొనితెచ్చినవారు వాటిని యీ సమయమున ఉపాయముగా తల్లికి అప్పగింపవచ్చును. ఒకటి రెండు దినముల పిల్లలను, తన పిల్లలు పుట్టిన రాత్రియే, చీకటిలో రెక్క కిందికి జార్చవలెను. తెల్లవారి కోడి లెక్కపెట్టదు. వారము గడచిన తరువాత తెస్తే మాత్రము గుర్తుపట్టి పొడుచును.

మొదటి నెల

పెరటి కోళ్లకు గండము గుడ్డులో కాదు, మొదటి నెలలో. పిల్లకు స్వంతముగా వేడి నిలుపుకొను శక్తి యింకను రాదు. మొదటి వారములో సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. మాఘమాసపు రాత్రి దానిని యిచ్చునది తల్లి రెక్కయే. మొదటి మూడు దినములు యింటిలోను, పది దినముల వరకు పెరటిలో గంప కిందను తల్లీపిల్లలను వుంచవలెను. తరువాత ఎండ కాగిన పిమ్మట వదలి, పొద్దు వాలకముందే మూయవలెను.

నీరు లోతులేని మూకుడులో పోసి, నాలుగు గులకరాళ్లు వేయవలెను. లోతు గిన్నెలో పిల్ల పడితే మునిగి చచ్చును. మేతకు కొర్ర, జొన్ననూక, సజ్జనూక సరిపోవును. ఉప్పు, పచ్చడి కలిసిన మెతుకులు వేయరాదు. గింజ ఒకటే చాలదు. పెరిగే పిల్లకు మాంసకృత్తులు కావలెను. దీనికి పల్లెలో ఖర్చులేని ఉపాయమొకటి వున్నది. పగిలిన కుండలో తడిపిన గడ్డి, ఎండుపేడ కూరి, చెదలున్న చోట సాయంత్రము బోర్లించవలెను. తెల్లవారుసరికి చెదలు నిండును. పిల్లల ముందు దులిపితే తల్లి టుక్కు టుక్కుమని పిలిచి, పురుగును తాను తినక ముక్కుతో ఎత్తి చూపును. ఏది తినదగినదో పిల్ల నేర్చుకొను పాఠశాల యిదియే.

శత్రువులు నలుగురు: పగలు గద్ద, కాకి, ముంగిస, రాత్రి పిల్లి. ఆకాశమున గద్ద కనుపిస్తే కోడి చేయు అరుపు వేరు, నేలపై పిల్లి వస్తే చేయు అరుపు వేరు. పిల్లలు మొదటిదానికి కదలక నక్కును. కాని బట్టబయలులో తల్లి ఏమి చేయగలదు? పెరటిలో కంపచెట్టో, పందిరియో, వాల్చిన పాత తడికయో వుండవలెను. గూటికి తలుపు బిగువుగా వుండవలెను. ముంగిస పిడికెడు సందులో దూరును.

గూటి నేల పొడిగా వుండవలెను. తడినేలపై మూడు నుండి ఆరు వారముల పిల్లలకు నెత్తురు పారుడు వచ్చును. రెట్టలో ఎరుపు కనుపించగానే చిత్తు మార్చి, పశువైద్యుని అడిగి మందు నీటిలో కలుపవలెను. ఆలస్యము చేస్తే గంపకు గంపయే పోవును.

కొక్కెర తెగులు

అన్నిటికంటె పెద్ద శత్రువు కొక్కెర తెగులు. పిల్లలు తూలును, నోరు తెరచి శ్వాస తీయును, పచ్చగా పారును, మెడ తిరిగిపోవును. వీధిలో ఒక యింట పుట్టితే నాలుగు దినములలో వీధి అంతయు ఖాళీ. 1926లో యింగ్లండులోని న్యూకాజిల్‌లో దీనిని గుర్తించినారు. 1927లో మన దేశమున కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనుపించుటచే మనకు రాణీఖేత్ జబ్బు అయినది. వచ్చిన తరువాత మందు లేదు. రాకముందు టీకా వున్నది. అయిదు నుండి ఏడు దినముల పిల్లకు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. ఎనిమిది వారములకు రెక్క కింద సూదిమందు.

ఇంత సులభమైనప్పుడు పల్లెలో ఎందుకు వేయించరు? కారణము నిర్లక్ష్యము ఒకటే కాదు. టీకా సీసా నూరు పిల్లలకో, అంతకెక్కువకో సరిపడు కొలతలో వచ్చును. మంచుపెట్టెలో తేవలెను, కలిపిన తరువాత రెండు గంటలలో వాడవలెను. పది పిల్లలున్న ఇల్లాలు సీసా అంతయు కొని, తొంబది వంతులు పారబోయుటకు ఎట్లు ఒప్పుకొనును? దీనికి విరుగుడు ఇరుగుపొరుగులోనే వున్నది. ఒక వీధిలోని ఎనిమిది పదిమంది యిండ్లవారు మాటాడుకొని, వారము తేడాలో కోళ్లను పొదగవేయవలెను. పిల్లలన్నియు ఒకే వయస్సువి అగును. ఒకనాడు ఉదయము చల్లనివేళ ఒక సీసా తెచ్చి, అందరి గంపలకు చుక్కలు వేయవలెను. ఖర్చు పంచుకొంటే ఎవరికిని లెక్కలోనికి రాదు. ఒకరి యింట వేసి, పొరుగింట వేయకున్నచో తెగులు పొరుగింటినే కాచుకొని వుండును. ఊరికంతకు కలిసి చేయవలసిన పని యిది. తెలుగిల్లు కన్నడిల్లు అను తేడా కొక్కెరకు లేదు. మనకు అంతకంటె వుండరాదు.

చివరి లెక్క

గుడ్లు పెట్టుటకు యిరువది దినములు, పొదుగు యిరువదియొక్క దినములు, పిల్లలను సాకుట రెండు నెలలు – ఒక్కొక్క కాన్పునకు నూరు దినములని కూడితే, నాటుపెట్ట ఏడాదికి మూడుసార్లు పొదుగును. పన్నెండేసి గుడ్లు పెట్టి, తొమ్మిదేసి పిల్లలు పుట్టినవనుకొందము. రెండు నెలలకు రెండేసి మిగిలితే ఏడాది పాటు శ్రమపడి ఆరు కోళ్లు. ఆరేసి మిగిలితే పదునెనిమిది. కోడి అదే, గుడ్లు అవే, మేత అదే. తేడా అంతయు ఒక గంప, ఒక పందిరి, పొడినేల, రెండు చుక్కల టీకా. గుడ్ల సంఖ్య పెంచుటకు కొత్తజాతి కావలెను. పిల్లల సంఖ్య పెంచుటకు మన చేతి శ్రద్ధ చాలును.

పిల్లలు వద్దనుకొన్నప్పుడు పొదుగు విడిపించుటకు కోడిని నీటిలో ముంచుట, ముక్కులో ఈక గుచ్చుట వంటి పనులు కొందరు చేయుదురు. యివి క్రూరములు, అనవసరములు. గాలి ఆడునట్లు అడుగు తడికెగా అల్లిన గంపలో, గడ్డి లేకుండ, మేతనీళ్లు పెట్టి మూడు నాలుగు దినములుంచితే, కింద చల్లగాలి తగిలి పొదుగు దానంతట అది తగ్గును.

దేశములో కోడిగుడ్ల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశము మొదటి వరుసలో నున్నది. ఆ కోట్లకొలది గుడ్లు యంత్రపు పిల్లలవి. వాటిని నిందింపనక్కరలేదు, పట్టణముల ఆకలి తీర్చునవి అవే. కాని పెరటిలో తిరుగు కోడికి ఎండను ఓర్చు దేహము, గద్దను గుర్తించు కన్ను, పిల్లకు మేత చూపు గుణము కావలెను. యివి యంత్రము నేర్పునవి కావు. తల్లి నుండి పిల్లకు రావలెను. పొదుగు గుణమున్న నాటుపెట్టలను ఒక తరము వారు మాంసమునకు అమ్మివేసి వూరుకుంటే, మరల తెచ్చుకొనుట సులభము కాదు. కనుక వచ్చే కార్తికమున పెరడున్న ప్రతి యింటి వారును ఒక నాటుపెట్టను గుర్తుపెట్టి వుంచుకొనవలెనని, ఆ వారములోనే ఇరుగుపొరుగుల కోళ్లనుకూడ పొదగవేయించవలెనని మా మనవి. కోడి తన యిరువదియొక్క దినముల నియమము తప్పదు. తరువాతి యిరువదియొక్క దినములు మనవి.